వెతుకులాట చరిత్ర: అనుక్రమణికల నుంచి సెర్చ్ ఇంజిన్ల దాకా

సెర్చ్ ఇంజిన్‌లో ఒక మాట కొట్టగానే అది ఆ క్షణాన ఇంటర్నెట్ అంతా తిరిగి రాదు. ముందే కోట్ల పేజీలు చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసి పెట్టుకున్న సూచికను చూసి జవాబు చెబుతుంది. కావ్యాల చివర అచ్చువేసే పద్యాల అకారాది పట్టిక చేసే పనీ ఇదే. ఆ పట్టికలో పద్యం మొదటి మాటలే ఉంటాయి. మూడో పాదం మాత్రమే గుర్తున్న పాఠకుడికి అది అక్కరకు రాదు. సూచికలో ఏం చేర్చారో, ఎలా పేర్చారో తెలిసినవాళ్లకే అందులో కావలసింది దొరుకుతుంది. వెతుకులాటలో ఏ కాలపు నేర్పయినా ఈ ఎరుక మీదే ఆధారపడింది. ఆ చరిత్ర ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

కంప్యూటరుకు ముందు

భారతదేశంలో సూచికల సంప్రదాయం వేదాల అనుక్రమణులతో మొదలయింది. కాత్యాయనుడి పేరుతో ఉన్న సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ఒక్కొక్క సూక్తానికి మొదటి పదం, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు వరసగా చెబుతుంది. ఒకే సూక్తాన్ని నాలుగైదు వైపుల నుంచి పట్టుకునే వీలు అందులో ఉంది. ఐరోపాలో 13వ శతాబ్దంలో పారిస్‌లోని డొమినికన్ సన్యాసులు, సెయింట్ షేర్‌కు చెందిన హ్యూ ఆధ్వర్యంలో, లాటిన్ బైబిల్‌లోని ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చెప్పే పదసూచిక తయారుచేశారు. 1906లో మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ వైదిక మంత్రాల పాదాలన్నిటినీ అకారాది క్రమంలో పేర్చి వెయ్యికి పైగా పేజీల గ్రంథాన్ని అచ్చువేయించాడు. మాట నుంచి చోటుకు దారి చూపే ఈ ఏర్పాటే నేటి సెర్చ్ ఇంజిన్లకూ పునాది.

పుస్తకాల సంఖ్య పెరిగాక, పుస్తకం లోపలి మాటల కంటే పుస్తకాన్నే వెతికి పట్టుకోవడం పెద్ద పనైంది. 1876లో మెల్విల్ డ్యూయీ విజ్ఞానాన్నంతా పది తరగతులుగా విడగొట్టి దశాంశ వర్గీకరణ ప్రకటించాడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారిగా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్‌కు ఆ పద్ధతి ఇరుకుగా కనిపించింది. ఒక పుస్తకాన్ని ఒకే గదిలో బిగించే బదులు, దాని విషయాన్ని వేర్వేరు ముఖాలుగా విడదీసి, వాటిని కోలన్ గుర్తుతో కలిపే వర్గీకరణను 1933లో ప్రచురించాడు. అంతకు రెండేళ్ల ముందు, 1931లో, ఆయన చెప్పిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. ఆ తరవాత వచ్చిన వెతుకులాట సాధనాలన్నీ ఈ ఒక్క సూత్రాన్ని నెరవేర్చడానికి పుట్టినవే.

గ్రంథాలయాల క్యాటలాగ్ సొరుగుల్లో ఒకే పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయంతో ఒకటి ఉండేవి. పాఠకుడు తన మాటను వదిలి, కార్డు రాసినవాళ్లు ఏ మాట ఎంచుకుని ఉంటారో ఊహించాల్సి వచ్చేది. తెలుగు రచయితల విషయంలో ఇంటిపేరు కింద చూడాలా, అసలు పేరు కింద చూడాలా అన్న చిక్కు దీనికి తోడు. సూచిక తయారుచేసినవాళ్ల మాటల్లో ఆలోచించడం వెతికేవాళ్లు నేర్చిన మొదటి విద్య.

నిమిషానికి లెక్కగట్టిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తరవాత శాస్త్ర పత్రాలు కుప్పలు తెప్పలుగా రావడంతో వెతకడమే ఒక శాస్త్రమైంది. 1950ల చివర, 1960ల్లో ఇంగ్లాండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్‌డన్ సూచికలకు పరీక్షలు పెట్టి, వాటిని కొలవడానికి రెండు ప్రమాణాలు స్థిరపరిచాడు. ఉన్నవాటిలో ఎన్ని దొరికాయన్నది ఒకటి, దొరికినవాటిలో ఎన్ని పనికొచ్చేవన్నది రెండోది. ఒకదాన్ని పెంచబోతే సాధారణంగా రెండోది తగ్గుతుంది. మాటలు తగ్గిస్తే చెత్త పెరుగుతుంది, మాటలు పెంచితే అవసరమైనవీ జారిపోతాయి. కొద్దిపాటి మార్పులతో ఈ నియమం నేటికీ చెల్లుతుంది.

1972లో బ్రిటిష్ పరిశోధకురాలు కారెన్ స్పార్క్ జోన్స్ ఈ శాస్త్రాన్ని మరో మెట్టు ఎక్కించారు. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, కొన్నిటిలోనే కనిపించే మాటకు విలువ ఎక్కువ అని గణాంకాలతో చూపారు. ‘చరిత్ర’, ‘సమాచారం’ లాంటి మాటల కంటే ఊరి పేరో, ఏడాదో, అరుదైన పారిభాషిక పదమో చేర్చినప్పుడు మంచి ఫలితాలు రావడానికి కారణం ఇదే. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ వేరే దారి తొక్కాడు. ఏ పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను 1964లో తెచ్చాడు. పత్రంలోని మాటలతో పాటు దాన్ని తక్కినవాళ్లు ఎంతగా పట్టించుకున్నారన్నదీ వెతుకులాటకు ఆధారమైంది. ముప్ఫై ఏళ్ల తరవాత గూగుల్ ఈ దారినే నడిచింది.

లాక్‌హీడ్ సంస్థలో రోజర్ సమ్మిట్ నిర్మించిన డైలాగ్ అనే డేటాబేస్ సేవ 1972లో వాణిజ్యపరంగా మొదలయింది. టెలిఫోను తీగ మీద దూరపు కంప్యూటరుతో మాట్లాడించే ఈ సేవలో కలిసి ఉన్న సమయాన్ని బట్టి డబ్బు కట్టాలి. అందుకే మామూలు పాఠకులను దాని దగ్గర కూర్చోబెట్టేవారు కాదు. శిక్షణ పొందిన లైబ్రేరియన్ పాఠకుడితో మాట్లాడి, అతనికి ఏం కావాలో తేల్చుకుని, ప్రశ్నను ముందుగా కాగితం మీద రాసుకుని, అప్పుడు తీగ కలిపేవారు.

ఆ కాగితం మీద జరిగే పని గమనించదగ్గది. 1854లో జార్జ్ బూల్ ప్రచురించిన తర్కగణితం నుంచి వచ్చిన ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అనే మూడు కలుపుమాటలు దానికి పనిముట్లు. మొదట విషయాన్ని ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ పర్యాయపదాలు రాసి ‘లేదా’తో కలపాలి. చివరికి ఆ గుంపులను ‘మరియు’తో జోడించాలి. తెలుగులో చెప్పుకుంటే, ‘వేరుశనగ లేదా పల్లి’ ఒక గుంపు, ‘తెగులు లేదా పురుగు’ మరో గుంపు. రెంటినీ ‘మరియు’ కలుపుతుంది. పల్లి అని రాసిన వ్యాసమూ తప్పిపోదు, వేరుశనగ నూనె ధరల వ్యాసమూ చొరబడదు.

ఫైలు పేరు నుంచి పూర్తి పాఠం దాకా

ఇంటర్నెట్ మీద తొలి వెతుకులాట సాధనం ఆర్చీ. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న, బార్బడోస్‌లో పుట్టిన అలాన్ ఎంటేజ్ 1990లో దీన్ని రాశాడు. అక్కడక్కడా సర్వర్లలో పెట్టిన ఫైళ్ల పేర్లను మాత్రమే అది పోగుచేసేది. ఫైలు లోపల ఏముందో దానికి తెలియదు. పేరు తెలియనివాళ్లు దాన్ని వాడలేరు. 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి గోఫర్ అనే మెనూల వ్యవస్థ వచ్చింది. ఆ మెనూల శీర్షికలను వెతకడానికి మరుసటి ఏడాది నెవాడా విశ్వవిద్యాలయంలో వెరోనికా తయారయింది. ఇక్కడా చిక్కేది శీర్షికలే.

సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ తయారుచేసిన వరల్డ్ వైడ్ వెబ్ 1991లో బయటి ప్రపంచానికి అందింది. లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి పాకుతూ వివరాలు పోగుచేసే ప్రోగ్రాములు 1993లో కనిపించాయి. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ ఫ్లెచర్ ఆ డిసెంబరులో నడిపిన జంప్‌స్టేషన్ పేజీ పేరును, లోపలి శీర్షికలను సూచికలో చేర్చింది. 1994 ఏప్రిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి బ్రయాన్ పింకర్టన్ తెచ్చిన వెబ్‌క్రాలర్ పేజీలోని మాటలన్నిటినీ చేర్చింది. ఫైలు పేరు నుంచి పూర్తి పాఠం దాకా రావడానికి నాలుగేళ్లు పట్టింది.

అదే 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో గ్రంథాలయ పద్ధతిని వెబ్ మీదికి తెచ్చారు. వాళ్లు మొదలుపెట్టిన యాహూ డైరెక్టరీలో మనుషులే వెబ్‌సైట్లను చూసి తరగతుల కింద పేర్చేవారు. చెత్త తక్కువగా ఉండటం దాని బలం. వెబ్ పెరిగే వేగాన్ని మనుషులు అందుకోలేకపోవడం దాని బలహీనత. ఆ డైరెక్టరీ 2014 చివర మూతపడింది.

ఆల్టావిస్టా కాలపు నేర్పు

1995 డిసెంబరు 15న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఆల్టావిస్టాను ప్రారంభించింది. లూయీ మోనియే, మైక్ బరోస్ దాని ప్రధాన నిర్మాతలు. సుమారు 1.6 కోట్ల పేజీల పూర్తి పాఠాన్ని సూచికలో పెట్టుకుని క్షణాల్లో జవాబివ్వడం అప్పటికి అబ్బురం. అంతకంటే ముఖ్యమైంది, ఒకప్పుడు లైబ్రేరియన్ల చేతిలో ఉన్న పనిముట్లు మామూలు మనుషుల చేతికి రావడం. మాటకు ముందు కూడిక గుర్తు పెడితే ఆ మాట తప్పక ఉండాలి. తీసివేత గుర్తు పెడితే ఉండకూడదు. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలు అదే వరసలో రావాలి. రెండు మాటలు దగ్గర దగ్గరగా ఉన్న పేజీలనే అడగడానికి ‘నియర్’ అనే కలుపుమాట ఉండేది. ఒకే సైటు లోపల, పేజీ శీర్షికలో మాత్రమే వెతికే ఏర్పాట్లూ ఉండేవి.

అయితే ఏ పేజీని ముందు చూపాలన్న దగ్గర ఆ తరం యంత్రాలు తడబడ్డాయి. మాట ఎన్నిసార్లు, ఎక్కడ వచ్చిందన్నదే వాటికి ప్రధాన కొలమానం. అది కనిపెట్టిన వ్యాపారులు తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసి పైకి ఎగబాకారు. 1997 నవంబరు నాటికి నాలుగు ప్రధాన సెర్చ్ ఇంజిన్లలో ఒక్కటి మాత్రమే, తన పేరు కొడితే, తన పేజీని తొలి పది ఫలితాల్లో చూపగలిగిందని గూగుల్ స్థాపకుల 1998 నాటి పరిశోధన పత్రం నమోదు చేసింది. వేల ఫలితాల్లోంచి జల్లెడ పట్టే భారం వెతికేవాళ్లదే అయింది. గుర్తులు, కలుపుమాటలు వాడటం వచ్చినవాళ్లు నెగ్గుకొచ్చారు. ఆల్టావిస్టా 2013 జులైలో మూతపడింది.

లింకు ఒక ఓటు

స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1996లో మొదలుపెట్టిన బ్యాక్‌రబ్ ప్రాజెక్టు, 1998 సెప్టెంబరులో గూగుల్ కంపెనీ అయింది. వాళ్ల పద్ధతికి మూలం గార్‌ఫీల్డ్ ఆలోచనే. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇచ్చాయి, ఆ లింకు ఇచ్చినవాటికి ఎంత పరపతి ఉంది అన్నదాన్ని లెక్కగట్టే పేజ్‌ర్యాంక్, ఫలితాల వరసను మార్చేసింది. 1998 పత్రం నాటికి సూచికలో ఉన్నవి 2.4 కోట్ల పేజీలే అయినా, కావలసింది మొదటి పదిలోనే కనిపించడం మొదలయింది. కొట్టిన మాటలన్నీ ఉన్న పేజీలనే తేవడం గూగుల్‌లో మామూలు పద్ధతి కావడంతో ‘మరియు’ అని రాసే పని తప్పింది.

ఆ పద్ధతిలో మరో మెలిక ఉంది. లింకు ఇచ్చేవాళ్లు దాని మీద రాసిన మాటలను కూడా గూగుల్ ఆ పేజీ ఖాతాలోనే వేస్తుంది. 2003లో కొందరు కూడబలుక్కుని ‘మిజరబుల్ ఫెయిల్యూర్’ (ఘోర వైఫల్యం) అనే మాటల మీద అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ అధికారిక జీవిత విశేషాల పేజీకి లింకులు ఇచ్చారు. ఆ పేజీలో ఆ మాటలు లేకపోయినా, అవి కొట్టినవాళ్లకు మొదటి ఫలితంగా అదే వచ్చింది. 2007 జనవరిలో గూగుల్ దీన్ని సరిచేసింది. మొదట కనిపించేది నిజమైనదని కాదు, ఎక్కువమంది చూపించినది మాత్రమేనని ఈ ఉదంతం చాటింది.

ఇక్కడి నుంచి యంత్రం వెతికేవాళ్ల పనిని ఒక్కొక్కటిగా తన మీద వేసుకుంది. 2004లో ప్రయోగంగా మొదలైన గూగుల్ సజెస్ట్, మాట పూర్తికాక ముందే ప్రశ్నను ఊహించసాగింది. 2011 అక్టోబరులో గూగుల్ కూడిక గుర్తును తీసేసి, కచ్చితమైన మాట కావాలంటే కొటేషన్ గుర్తులు వాడమంది. 2012లో వచ్చిన నాలెడ్జ్ గ్రాఫ్ మనుషులను, ఊళ్లను, సంస్థలను మాటలుగా కాక విడివిడి అంశాలుగా గుర్తించింది. 2019లో చేర్చిన బెర్ట్ అనే భాషా నమూనా చిన్న విభక్తుల్లాంటి మాటలనూ లెక్కలోకి తీసుకుంది. బ్రెజిల్ నుంచి అమెరికా వెళ్లే ప్రయాణికుడికి వీసా కావాలా అని ఇంగ్లిషులో అడిగితే, అంతకుముందు అమెరికన్లు బ్రెజిల్ వెళ్లడం గురించిన పేజీ వచ్చేదని, ‘టు’ అనే మాటను పట్టించుకున్నాక సరైనది వచ్చిందని గూగుల్ చూపిన ఉదాహరణ ప్రసిద్ధం. మాటలు మాత్రమే ఏరి రాయడం అలవాటైన తరం, అప్పటి నుంచి పూర్తి వాక్యంలో అడిగినా లాభమేనని తెలుసుకుంది.

తెలుగులో వెతుకులాట

తెలుగుకు ఈ సౌకర్యాలు ఆలస్యంగా అందాయి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మామూలు కంప్యూటర్లకు అది చేరడానికి పదేళ్లు పట్టింది. అప్పటిదాకా వార్తాపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. తెర మీద ‘అ’ అని కనిపించినా, లోపల ఉన్నది ఏదో ఇంగ్లిషు అక్షరమో గుర్తో. ఒక పత్రిక ఫాంటులో రాసిన మాటకూ, మరో పత్రికలో అదే మాటకూ కంప్యూటరు దృష్టిలో పోలికే లేదు. ఆ పేజీలు వెబ్ మీద ఉన్నా, తెలుగు మాటతో దొరికేవి కావు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇలాంటి రకరకాల ఫాంటుల పేజీలను ఒకే రూపంలోకి మార్చి వెతికే వెబ్‌ఖోజ్ అనే సెర్చ్ ఇంజిన్‌ను 2006లో అంతర్జాతీయ వెబ్ సదస్సులో వివరించారు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది. 2006లో వచ్చిన లేఖిని అనే సాధనం ఇంగ్లిషు కీబోర్డు మీదే తెలుగు రాసే దారి చూపింది. బ్లాగర్లు యూనికోడ్‌లో రాశారు, పత్రికలూ క్రమంగా అటు మళ్లాయి. సెర్చ్ ఇంజిన్లు చదవగలిగిన తెలుగు అలా పోగయింది.

అయినా తెలుగు వెతుకులాటకు ప్రత్యేకమైన చిక్కులు మిగిలాయి. ‘ఇల్లు’ అనే మాట ఇంటి, ఇంట్లో, ఇళ్లు, ఇండ్లు అని మారుతుంది. ‘హైదరాబాద్’, ‘హైదరాబాదు’ రెండూ వాడుకలో ఉన్నాయి. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినందువల్ల పాత వార్తలకు ఒక పేరు, కొత్త జీవోలకు మరో పేరు కావాలి. కంటికి కనిపించని చిక్కు ఇంకొకటి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ కింద వ వత్తు పడకుండా ఉండటానికి మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతారు. అది పెట్టిన మాటా, పెట్టకుండా ‘సాఫ్ట్వేర్’ అని రాసిన మాటా కంప్యూటరుకు వేర్వేరు. గూగుల్ లాంటివి ఇలాంటి తేడాలను కొంత సర్దుకున్నా, చిన్న వెబ్‌సైట్ల లోపలి వెతుకుపెట్టెలు చాలావరకు సర్దుకోలేవు. తెలుగులో రెండు మూడు రూపాలు మార్చి చూడటం నేటికీ తప్పని పని.

పాత పుస్తకాలది మరో సమస్య. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుతో దానికి సంబంధం ఉంది. ఆ స్కాన్లు పేజీల ఫొటోలు; వాటిలోని మాటలు సూచికకు ఎక్కలేదు. పుస్తకాల పేర్లు కూడా రోమన్ లిపిలో, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఎక్కించారు. ‘చరిత్ర’లోని తకు హెచ్ చేర్చినవాళ్లు ఉన్నారు, చేర్చనివాళ్లు ఉన్నారు. రచయిత ఇంటిపేరుతో ఒకసారి, పుస్తకం పేరులోని చిన్న ముక్కతో ఒకసారి వెతికితేనే అవి బయటపడతాయి. క్యాటలాగ్ కార్డుల కాలపు నేర్పు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

జవాబులు చెప్పే యంత్రాలు

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక వెతుకులాట మరో మలుపు తిరిగింది. అంతవరకు పేజీల జాబితా ఇచ్చిన యంత్రం, ఇప్పుడు జవాబునే రాసి ఇస్తుంది. 2024 మేలో గూగుల్ అమెరికాలో ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశాలు చూపడం మొదలుపెట్టింది. ఆ నెలలోనే, పిజ్జా మీది చీజ్ జారిపోకుండా సాసులో జిగురు కలపమన్న జవాబు నవ్వులపాలైంది. ఎవరో ఏళ్ల కిందట సరదాగా రాసిన మాటను యంత్రం సలహాగా తీసుకుంది. పేజీల జాబితాలో ఆ మాట ఎవరు రాశారో, ఎక్కడ రాశారో చూసి పాఠకుడు నవ్వుకుని వదిలేసేవాడు. సారాంశంలో ఆ ఆనవాళ్లు చెరిగిపోతాయి.

సూచికకు చిక్కని వెబ్ కూడా చాలా ఉంది. తమ పేజీలు చదవొద్దని యంత్రాలకు చెప్పే రోబోట్స్ ఫైలు పద్ధతి 1994 నుంచీ అమల్లో ఉంది. పాస్‌వర్డు వెనక ఉన్నవి, ఫారం నింపితే గానీ తెరుచుకోనివి సెర్చ్ ఇంజిన్లకు కనిపించవు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పొలం అడంగల్ (సాగు వివరాల రికార్డు) గూగుల్‌లో దొరకదు. మీభూమి పోర్టల్‌కు వెళ్లి జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఇస్తేనే వస్తుంది. ఇలాంటి చోట్ల సెర్చ్ ఇంజిన్‌ను సమాచారం కోసం కాక, సమాచారం ఉన్న పోర్టల్ కోసం అడగాలి. తొలగించిన పేజీలకు వెబ్ పేజీల పాత ప్రతులను దాచే, 2001లో జనానికి అందిన వేబ్యాక్ మెషిన్ ఆధారం. గూగుల్ 2024లో తన దగ్గరి పాత ప్రతుల లింకులు తీసేశాక దాని అవసరం మరింత పెరిగింది.

ఇన్ని దశలు దాటినా పాత పనిముట్లలో ముఖ్యమైనవి నిలిచాయి. కొటేషన్ గుర్తులు, తీసివేత గుర్తు, ‘సైట్’ అన్న ఇంగ్లిషు మాట పక్కన కోలన్ పెట్టి ఒకే వెబ్‌సైటులో వెతకడం, ఫైలు రకాన్ని పీడీఎఫ్‌కు పరిమితం చేయడం గూగుల్‌లో ఇంకా పనిచేస్తాయి. ఫలానా తేదీకి ముందువి, తరవాతవి అడిగే వీలు 2019లో చేరింది. డైలాగ్ కాలపు లైబ్రేరియన్ కాగితం మీద రాసుకున్నట్టు విషయాన్ని ముక్కలు చేయడం, పర్యాయపదాలు ఆలోచించడం, అరుదైన మాట ఎంచుకోవడం, మూలాన్ని తెరిచి చూడటం ఏ యంత్రంతోనైనా పనికొచ్చే అలవాట్లు. యంత్రాలు ప్రశ్నను అర్థం చేసుకునే పని చాలావరకు నేర్చాయి. జవాబు నమ్మదగినదో కాదో తేల్చే పని మాత్రం ఇప్పటికీ వెతికేవాళ్లదే.